జీడితోటలో తుప్పలు కొట్టే ముందు

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు తోటల్లో పనికి దిగేవాళ్లకు, పాము కాటు జాగ్రత్తలు:

• మోకాళ్ల దాకా గమ్‌బూట్లు. చెప్పులతో వద్దు. ఆకుల కుప్పను ముందు పొడవాటి కర్రతో కదపండి.

• దగ్గరి ఆసుపత్రిలో పాము విషం విరుగుడు ఇంజెక్షన్ ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే, కాటు పడినప్పుడు 108కి ఫోన్ చేసి విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కే వెళ్లాలి.

• కాటు పడితే ఉంగరాలు, కాలిపట్టీలు తీసేయాలి. కరిచిన కాలు కదలనివ్వకూడదు. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ వద్దు. మంత్రగాడి దగ్గర పోగొట్టుకున్న గంట తిరిగి రాదు.

• కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు. "ఏం కాలేదులే" అని పడుకోవద్దు.

• పామును చంపి తేనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే మందు. గిరినాగు (కింగ్ కోబ్రా) అందులో లేదు. కనిపిస్తే దూరంగా జరిగి అటవీశాఖకు చెప్పండి.