జేఎఫ్‌కేలో దిగి లగార్డియాలో ఎక్కుదాం అనుకునేవాళ్ళకి: సొంతంగా అమెరికా ట్రిప్ బుక్ చేసుకునేముందు జాగ్రత్తలు

పదిహేను రోజుల కిందట తెల్లవారుజామున నాలుగు దాటాక మా పెద్దమ్మ కొడుకు న్యూయార్క్ నుంచి ఫోన్ చేశాడు. లగార్డియా ఎయిర్‌పోర్టులో ఉన్నాం, మా విమానం బోర్డు మీద కనిపిస్తూనే ఉంది, కానీ బ్యాగులు తీసుకోవట్లేదు, ఏం చేయమంటావు అని. వెనక వదిన ఎవరినో బతిమాలుతున్న గొంతు, చిన్నదాని ఏడుపు వినిపిస్తున్నాయి. గుంటూరులో కూర్చుని ఆరు నెలలపాటు రూపాయి రూపాయి లెక్క చూసుకుని వేసుకున్న ట్రిప్పు అది. న్యూయార్క్, ఓర్లాండో, రెండే ఊళ్ళు, నలుగురు మనుషులు.

జరిగింది ఇదీ. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుకి ఒక టికెట్. అక్కడి నుంచి ఓర్లాండోకి రానూపోనూ విడిగా ఇంకో కంపెనీలో ఇంకో టికెట్, అదీ లగార్డియా నుంచి. జేఎఫ్‌కేలో దిగేది మధ్యాహ్నం 1:20కి, లగార్డియాలో విమానం సాయంత్రం 6:40కి. మధ్యలో ఐదు గంటల పైనే ఉంది కదా అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. విమానం గంటన్నర లేటుగా దిగింది. ఇమిగ్రేషన్ క్యూలోంచి బయటపడేసరికి నాలుగున్నర. ఆరు సూట్‌కేసులు ఏరుకుని బయటికొస్తే మామూలు ట్యాక్సీలో పట్టలేదు, పెద్ద వ్యాన్ కోసం ఇంకో పావుగంట. ఆ తర్వాత వాన్ విక్ ఎక్స్‌ప్రెస్‌వే మీద సాయంత్రం ట్రాఫిక్. కౌంటర్ చేరేసరికి 6:10. విమానం ఇంకా అక్కడే ఉంది, కానీ బ్యాగులు తీసుకునే గడువు అయిపోయింది.

కౌంటర్ అమ్మాయి వాళ్ళ రెండు ప్రింటవుట్లూ పక్కపక్కన పెట్టి చూసి, ఇవి రెండూ వేరు వేరు టికెట్లు, మీరు ఆలస్యంగా వచ్చినట్టే లెక్క అందట. మొదటి విమానం లేటైతే రెండో కంపెనీకి ఏం సంబంధం? ఏ సంబంధమూ లేదు. అన్నిటికన్నా దెబ్బ ఏమిటంటే, వెళ్ళే విమానం ఎక్కలేదు కాబట్టి అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణం కూడా రద్దయిపోయింది. మర్నాడు పొద్దునకి నలుగురికి కొత్త టికెట్లు, ఆ రాత్రికి ఎయిర్‌పోర్టు పక్కన హోటల్, ఓర్లాండోలో ముందే డబ్బు కట్టేసిన మొదటి రాత్రి, అన్నీ కలిపి లక్షా ముప్పై వేలు దాటింది. విడివిడిగా కొనడంవల్ల వాళ్ళు మిగుల్చుకున్నది 14 వేలు.

సెలవుల్లో వెళ్ళబోతున్నవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు, అందుకే రాస్తున్నాను. పాస్‌పోర్టు జిరాక్సులు పెట్టుకోండి, ప్లగ్ అడాప్టర్ మర్చిపోకండి లాంటివి రాయను, అవి మీకు తెలుసు.

అసలు తప్పు

విడి టికెట్లు కొనడం తప్పు కాదు. చాలాసార్లు చవకే. విడి టికెట్లని ఒకే రోజు కలపడం తప్పు. ఎన్ని గంటల గ్యాప్ ఉన్నా తప్పే. ఇది ఇంతకుముందు కూడా చూశాను నేను, వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. మా ఆఫీసులో ఒకాయన వాషింగ్టన్ చూసుకుని, రాత్రి జేఎఫ్‌కేలో విమానం కదా అని అదే రోజు పొద్దున్న బస్సెక్కాడు. నాలుగున్నర గంటల దారి, ఐ-95 హైవే మీద ఏదో యాక్సిడెంటై ఏడు గంటలు పట్టింది. ఇంటికొచ్చే విమానం పోయింది. దానికి కొత్త టికెట్ అంటే ఎంతో మీరే ఊహించుకోండి.

కాబట్టి నియమం ఒకటే. మొదటి రాత్రి దిగిన ఊళ్ళోనే పడుకోండి. చివరి రాత్రి విమానం ఎక్కే ఊళ్ళోనే పడుకోండి.

ఒకే టికెట్ మీద ఉంటే సంగతి వేరు. మొదటి విమానం లేటై రెండోది పోతే, తర్వాతి దాంట్లో కూర్చోబెట్టే బాధ్యత విమానం కంపెనీదే. అప్పుడు కూడా అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అవుతుంది, బ్యాగులు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ ఇవ్వాలి, కాబట్టి గంటన్నర కనెక్షన్ చూపిస్తే తీసుకోకండి, కనీసం మూడు గంటలుండేది చూడండి. అబుదాబి మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, అమెరికాలో లోకల్ ప్రయాణికుల్లా దిగిపోవచ్చు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి అది మంచి దారి.

మీది ఒకే టికెట్టా కాదా ఎలా తెలుస్తుంది? ఈ-టికెట్ మీద ఒక్కో మనిషికి 13 అంకెల నంబర్ ఉంటుంది. ఒకే మనిషి పేరు మీద వెళ్ళే దారిలోనే సంబంధం లేని రెండు నంబర్లుంటే రెండు టికెట్లున్నట్టు. చవక టికెట్ల సైట్లు కొన్ని తామే రెండు టికెట్లు అతికించి ఒకటే అన్నట్టు అమ్ముతాయి, ఎక్కడో చిన్న అక్షరాల్లో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఉంటుంది, అంటే బ్యాగులు తీసుకుని రెండో విమానానికి మళ్ళీ మీరే ఇచ్చుకోవాలి. ఆ మాట కనిపిస్తే పేజీ మూసేయండి. ఆ అతుకు అమెరికాలో కాకుండా దారిలో ఏ మూడో దేశంలోనో ఉంటే, బ్యాగులు తీసుకోవడానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, దానికి ఆ దేశపు వీసా అడుగుతారు. హైదరాబాద్ కౌంటర్‌లోనే ఆపేస్తారు.

ఇంకో సంగతి. న్యూయార్క్ అని కొడితే మూడు ఎయిర్‌పోర్టులు కలిపి చూపిస్తుంది: జేఎఫ్‌కే, లగార్డియా, నెవార్క్. నెవార్క్ అసలు న్యూజెర్సీలో ఉంది, జేఎఫ్‌కే నుంచి అక్కడికి వెళ్ళడమంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాటడం. వాషింగ్టన్‌కీ అంతే: డల్లస్, రీగన్, బాల్టిమోర్. టెక్సాస్‌లో ఉన్న డాలస్, వాషింగ్టన్ దగ్గరి డల్లస్ మన చెవికి ఒకటే, మూడక్షరాల కోడ్ చూసి కొనండి.

చవకగా, టెన్షన్ లేకుండా కావాలంటే

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది న్యూయార్క్, వాషింగ్టన్. సైట్‌లో రౌండ్ ట్రిప్ కాదు, మల్టీ సిటీ నొక్కండి. హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కి వెళ్ళడం, వాషింగ్టన్ డల్లస్ నుంచి హైదరాబాద్‌కి రావడం, రెండూ ఒకే టికెట్ మీద. చాలాసార్లు రౌండ్ ట్రిప్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు, పైగా మళ్ళీ న్యూయార్క్‌కి వెనక్కి రావాల్సిన పని లేదు. మధ్యలో ఆమ్‌ట్రాక్ రైలు, మూడున్నర గంటలు, ఊరి నడుమ ఎక్కి ఊరి నడుమ దిగుతాం. ఛార్జీ రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది కాబట్టి తేదీ ఖాయం కాగానే కొనండి. మనిషికి రెండు బ్యాగులు, ఒక్కోటి 50 పౌండ్ల దాకా, అంటే మన 23 కిలోల సూట్‌కేస్ ఒప్పుకుంటారు, కానీ ఎత్తి పెట్టుకోవాల్సింది మీరే.  ఒకవేళ వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ వైపు వచ్చేటట్టయితే, పెన్ స్టేషన్ అని వినపడగానే దిగకండి, ముందు నెవార్క్ పెన్ స్టేషన్ వస్తుంది, ఆ తర్వాతే న్యూయార్క్ పెన్ స్టేషన్.

వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలన్నీ ఉచితం, జూ కూడా ఉచితమే. విమానాల మ్యూజియంకి మాత్రం ముందే టైమ్ ఉన్న పాస్ తీసుకోవాలి, అదీ ఉచితమే, దానికి ఎవరైనా డబ్బడిగితే అది అసలు సైట్ కాదు. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉచితం, లిబర్టీ విగ్రహం పక్కగానే వెళ్తుంది. విగ్రహం దగ్గర దిగే పడవ వేరే, దాని టికెట్లంటూ బ్యాటరీ పార్కు దగ్గర చొక్కా లాగి మరీ అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

వీసా, బస

వీసా ముద్ర పడిన పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా వెనక్కి డబ్బురాని టికెట్ కొనకండి. ఇది అమెరికా విదేశాంగ శాఖే చెబుతున్న మాట. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపడానికి టికెట్ అవసరం లేదు, 185 డాలర్ల ఫీజు వీసా రాకపోయినా తిరిగి రాదు, దానికి తోడు టికెట్ డబ్బు కూడా పోగొట్టుకోవద్దు. ఈస్టా అంటే వీసా అక్కర్లేని కొన్ని దేశాలవాళ్ళు తీసుకునే అనుమతి, ఆ పేరుతో డబ్బు కట్టించుకునే సైట్లు మన పాస్‌పోర్టుకి పనికిరావు.

న్యూయార్క్‌లో ఇల్లంతా అద్దెకి అని చవకగా కనిపిస్తే ఆగండి. 2023 సెప్టెంబర్ నుంచి అక్కడ 30 రోజుల లోపు అద్దెకిచ్చే ఇళ్ళమీద గట్టి చట్టం అమలవుతోంది: ఇంటాయన కూడా అక్కడే ఉండాలి, రిజిస్టర్ అయి ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. నలుగురి కుటుంబానికి మొత్తం ఫ్లాట్ ఇస్తామంటున్నారంటే చివరి నిమిషంలో రద్దవడానికే అవకాశం ఎక్కువ. హోటల్ చూసుకోండి, లేదా నది అవతల జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ దగ్గర చూడండి, పాథ్ రైల్లో పావుగంటలో మన్‌హట్టన్, పక్క వీధిలో ఇడ్లీ దోసె దొరుకుతాయి.

హోటల్ రేటు చూసి బడ్జెట్ వేయకండి. న్యూయార్క్‌లో గది మీద పన్ను 14.75 శాతం, పైన రాత్రికి 3.50 డాలర్లు. 200 డాలర్ల గది 233 అవుతుంది. 2025 మే నుంచి రిసార్ట్ ఫీజులాంటి తప్పనిసరి వడ్డింపులు మొదటే కలిపి చూపించాలని రూల్ వచ్చింది కానీ పన్ను మాత్రం చివర్లో కలపొచ్చు. కాబట్టి డబ్బు కట్టే ఆఖరి పేజీదాకా వెళ్ళి ఆ అంకెనే రాసుకోండి. చెకిన్‌లో కార్డు మీద కొంత డబ్బు హోల్డ్ చేస్తారు. దానికి ఫారెక్స్ కార్డు ఇచ్చారో, ఆ డబ్బు రోజులతరబడి ఇరుక్కుపోతుంది, క్రెడిట్ కార్డు ఇవ్వండి.

ఇక మిగతావి గుర్తొచ్చిన వరసలో:

- టికెట్ నేరుగా విమానం కంపెనీ సైట్‌లోనే కొనండి. ప్రయాణానికి ఏడు రోజులు, అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు కొంటే 24 గంటల్లో పైసా పోకుండా రద్దు చేసుకోవచ్చు, అమెరికాకి వచ్చే పోయే టికెట్లకి అది రూల్. ఏజెంట్లకి ఆ రూల్ లేదు. ఆ 24 గంటల్లో పేర్లు, తేదీలు, ఎయిర్‌పోర్టు కోడ్‌లు ఇంకొకరితో చదివించండి.
- పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు జాగ్రత్త. అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు కింద పడి, ముందుపేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ముందుపేరు తెలియదు అని) వస్తుంది. టికెట్ ఎలా కొనాలో కంపెనీని అడిగి కొనండి, అమెరికా లోపలి విమానాలకీ అదే పేరు వాడండి.
- టికెట్‌లో ముందు ముక్క ఎక్కకుండా వెనక ముక్క వాడుకుందామనుకోకండి. వెనకవన్నీ రద్దవుతాయి.
- విడిగా కొన్న అమెరికా లోపలి విమానంలో 23 కిలోల బ్యాగులు రెండు ఉచితం కాదు. చాలావాటిలో మొదటి బ్యాగుకే డబ్బు. బేసిక్ ఎకానమీ (అన్నిటికన్నా చవక రకం టికెట్) అన్న మాట ఉంటే షరతులు మొత్తం చదవండి.
- జూన్ నుంచి ఆగస్టు దాకా తూర్పు తీరంలో మధ్యాహ్నం ఉరుములవానలు. పొద్దున విమానమే తీసుకోండి.
- మొదటి రాత్రి దిగిన ఊళ్ళోనే. మళ్ళీ చెబుతున్నా.
- ఇన్సూరెన్స్ లేకుండా వెళ్ళకండి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే పాత బీపీ, షుగర్‌కి కవర్ ఉందో లేదో పాలసీ కాగితంలో చూడండి, అమ్మినాయన మాట మీద కాదు.
- కరివేపాకు పెట్టకండి. ఎండబెట్టినా పెట్టకండి. మాంసం పచ్చళ్ళు పెట్టకండి. మిగతా తిండి ఏదున్నా కస్టమ్స్‌లో ఉందని చెప్పండి.
- మొదటి హోటల్ అడ్రస్ కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.
- ఐ-94లో, అంటే మీరు అమెరికాలోకి వచ్చినట్టు వాళ్ళు రాసుకునే రికార్డులో, ఏ తేదీదాకా ఉండొచ్చని ఇచ్చారో దిగిన రెండోరోజే చూడండి. వీసా పదేళ్ళది కావచ్చు, ఉండనిచ్చేది ఆ తేదీదాకానే.
- జేఎఫ్‌కే లోపల ట్యాక్సీ ట్యాక్సీ అని వెంటపడేవాళ్ళతో పోకండి. బయట పసుపు ట్యాక్సీ క్యూ ఉంటుంది. మన్‌హట్టన్‌కి 70 డాలర్లు ఫిక్స్‌డ్, పైన టోల్, టిప్, చిన్నా చితకా ఛార్జీలు.
- నయాగరా కెనడా వైపు వంతెన దాటకండి. కెనడా వీసా వేరే.
- ఇంటికి తిరుగు విమానం ఉన్న రోజు పొద్దున ఇంకో ఊళ్ళో నిద్ర లేవకండి. బస్సయినా, రైలైనా, బంధువుల కారైనా.
- ఇప్పటికే కొనేసినవాళ్ళు ఇప్పుడే టికెట్లు తీసి పక్కపక్కన పెట్టి తేదీలు చూడండి. రెండు వేర్వేరు టికెట్ల మీద ఒకే తేదీ ఉంటే, కొని 24 గంటలు దాటకపోతే రెండోదాన్ని రద్దు చేయండి. దాటితే ఆ కంపెనీకి ఫోన్ చేసి మర్నాటికి మార్చమనండి. మార్చడానికి కొంత అడుగుతారు, ఇచ్చేయండి, ఆ రాత్రికి దిగిన ఊళ్ళో గది చూసుకోండి.