విస్కీ తొలి పాఠాలు – 3: పొగ వాసన, సీసా మీది అంకె

గత పాఠంలో పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల నుంచి ఏర్పడి, ఎండబెట్టి వంటచెరకుగా వాడే మట్టి) పొగను గురించి చెబుతూ స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపపు విస్కీలను నేను చాలా ఇష్టంగా వర్ణించాను. దాన్ని సిఫారసుగా తీసుకుని, లఫ్రాయిగ్, ఆర్డ్‌బెగ్ పేర్లు రాసుకుని వెళ్లి నిండు సీసా కొన్నవారు చాలామంది ఉన్నారని, వారిలో ఎక్కువమంది ఫినాయిల్ వాసనకు బెదిరి మొదటి గుక్క దగ్గరే ఆగిపోయారని తెలిసి బాధపడ్డాను. మొదటి సీసాగా వాటిని కొనవద్దని అప్పుడే స్పష్టంగా రాయవలసింది. అందువల్ల ఈ విడతలో చెప్పదలచిన పీపాల సంగతిని వాయిదా వేస్తున్నాను.

ముందుగా ఒక మాట: మీ ముక్కు పొరపడలేదు. మొలకెత్తించిన బార్లీని పీట్ మంట మీద ఆరబెట్టినప్పుడు పొగలోని ఫినాల్, క్రెసాల్ వంటి పదార్థాలు గింజలకు పట్టుకుని, బట్టీలో కాచి దింపిన తరువాత కూడా సారాయంలో మిగిలే ఉంటాయి. నల్ల ఫినాయిల్ ఘాటుకు కారణం కూడా అదే కుటుంబానికి చెందిన రసాయనాలే. ఆ సీసాను పారబోయకండి. మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి. ఆరు నెలల తరువాత మళ్లీ తీద్దాము.

మొదటి విస్కీకి పొగ ఉండకూడదు, ఆల్కహాలు 40 నుంచి 43 శాతం దాటకూడదు, తీపి ఛాయ ఉండాలి. నా మొగ్గు ఐర్లండ్ వైపు. జేమ్సన్ వంటి విస్కీని మూడుసార్లు బట్టీలో కాచి దింపుతారు, దానికి పీట్ పొగ తగలనివ్వరు, కాబట్టి నాలుక మీద నునుపుగా జారుతుంది. తీపి మరికాస్త కావాలనుకునేవారు అమెరికా బర్బన్ తీసుకోవచ్చు. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని, లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ చేయాలని అక్కడి చట్టం. వెనిలా, పాకం వాసనలు ఆ మాడిన చెక్క నుంచి వస్తాయి. స్కాచ్‌లోనే మొదలుపెట్టాలన్న పట్టుదల ఉంటే స్పేసైడ్ ప్రాంతపు గ్లెన్‌ఫిడిచ్ 12 చాలు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించే పొరపాటుకు వస్తాను. సీసా మీద కనిపించే ప్రతి అంకెనూ వయసుగా చదవడం మనలో బాగా పాతుకుపోయిన అలవాటు. వ్యాట్ 69లోని 69 సంవత్సరాల లెక్క కాదు; 1882లో తయారుచేసిన నూరు మిశ్రమాలలో 69వ పీపాలోనిది ఎంపికైందని ఆ పేరుకు సంస్థ చెప్పే కథ. జాక్ డేనియల్స్ మీది ‘ఓల్డ్ నంబర్ 7’ కూడా వయసు కాదు. 100 పైపర్స్ అన్నది బ్యాగ్‌పైపు వాయించేవారిని తలచుకుని పెట్టిన పేరు. మన 8 పి.ఎం. సంగతి పేరులోనే ఉంది. అంకె పక్కన ‘సంవత్సరాలు’ అన్న మాట ఉంటేనే అది వయసు. అప్పుడు కూడా అది సీసాలో కలిసిన విస్కీలన్నిటిలో అతి చిన్నదాని వయసు మాత్రమే. జానీ వాకర్ బ్లాక్ లేబుల్ మీది 12 అంటే అందులో పన్నెండేళ్లకు తక్కువైన చుక్క లేదని అర్థం. అయిదేళ్ల విస్కీ ఒక గరిటెడు కలిపినా లేబుల్ మీద 5 అనే వేయాలి. వయసు పీపాలో పెరుగుతుంది, గాజు సీసాలో పెరగదు. పెద్దనాన్నగారు బీరువాలో ఇరవై ఏళ్లు దాచిన 12 ఏళ్ల సీసా ఈనాటికీ 12 ఏళ్లదే.

వయసు రాయని సీసాను తక్కువగా చూడటం కూడా ఇదే పొరపాటుకు మరో ముఖం. స్కాట్లండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైతే, బెంగళూరు వేడిలో 10 శాతానికి పైగా పోతుంది, విస్కీ కూడా అంత త్వరగానే పక్వమవుతుంది. ఆ బెంగళూరులోనే తయారై, 2004లో గ్లాస్గోలో తొలిసారి అమ్మకానికి వెళ్లి పేరు తెచ్చుకున్న అమృత్ సింగిల్ మాల్ట్ (ఒకే చోట, మొలకెత్తించిన బార్లీతోనే చేసిన విస్కీ) మీద వయసు లేకపోవడానికి ఇది ముఖ్య కారణం. అంకె కంటే ముందు ఏ ధాన్యంతో చేశారో చదవండి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే చవక రకాలలో చాలావాటికి మూలం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్. ఐరోపాలో దానిని విస్కీ అని అమ్మడానికే వీలులేదు.

అభ్యాసం. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారికే ఇది. నిండు సీసా కొనకుండా, మంచి బార్‌లో మూడు వేర్వేరు సాయంత్రాలు ఒక్కొక్క 30 మి.లీ. పెగ్గు తీసుకోండి: ఒకరోజు ఐరిష్, ఒకరోజు బర్బన్, ఒకరోజు స్పేసైడ్. ఆ రోజుల్లో బండి తీయవద్దు. ఐసు, సోడా వద్దు. గది వేడిమిలో ఉన్న నీళ్లే కలపండి; నేనైతే చెంచాతో కొలుస్తాను, ముందు ఒకటి, తరువాత మరొకటి. నోరు కొద్దిగా తెరిచి వాసన చూస్తే ముక్కుకు మంట తగలదు. ప్రతిసారీ మీ ఇంటి వాసనల్లోనే అయిదు పోలికలు రాయండి: బెల్లం పాకం, ఎండుద్రాక్ష, కాల్చిన కంకి, కొత్త చాప, తడిసిన చెక్క, ఏదైనా సరే. ‘బాగుంది’ అన్న మాట రాయకూడదు. పదిహేను పోలికలు పూర్తికాకపోతే మరో మూడు సాయంత్రాలు పట్టినా ఫరవాలేదు. ఆ కాగితం దాచుకోండి. పీపాల పాఠం అక్కడినుంచే మొదలుపెడతాను.