బోర్డుల దుకాణంలో ఒంటికి ముప్పు రాకుండా పనిచేయడం ఎలా?

తిరుపతిలో గంగమ్మ జాతర, వినాయక చవితి, బ్రహ్మోత్సవాలు దగ్గర పడినప్పుడల్లా ఫ్లెక్సీ, బోర్డుల దుకాణాలు రాత్రంతా తెరిచే ఉంటాయి. నిద్ర లేని చేతికి కట్టరూ లొంగదు, నిచ్చెనా లొంగదు. అందుకే జాగ్రత్త ఆర్డరు పుస్తకం దగ్గరే మొదలు కావాలి. ప్రింటు రాత్రి ఇస్తామని ఒప్పుకోవచ్చు గానీ, ఎత్తు మీద ఫిట్టింగు మాత్రం పగటి వెలుగులోనే చేస్తామని ముందే చెప్పి, ఆ మాట బిల్లు మీద రాయాలి.

కొలతలకు వెళ్లినవారు గోడ పొడవు వెడల్పులతో సరిపెట్టుకోకుండా, పైన తీగలు ఎంత దూరంలో ఉన్నాయో, గోడ మేకు పట్టేంత గట్టిగా ఉందో లేదో, నిచ్చెన ఆనించే నేల చదునుగా ఉందో లేదో కూడా రాసుకోవాలి. పాత బజారు వీధుల్లో మేడ పిట్టగోడకు చేరువగానే 11 కేవీ (11,000 వోల్టుల) లైను పోతూ ఉంటుంది. ఆ తీగకు పైతొడుగు ఉండదు. స్క్వేర్ పైపు 20 అడుగుల పొడవు వస్తుంది కాబట్టి, మేడ మీద నిలబడి దానిని నిలువుగా ఎత్తి తిప్పే క్షణంలో చూపు కింది కొస మీద ఉంటుంది, పై కొస తీగల వైపు పోతుంది. ఈ పనిలో అన్నిటికన్నా భయపడవలసిన క్షణం ఇదేనని నా అభిప్రాయం. పైపులను కిందే కోసి, ఫ్రేమును ముక్కలుగా పైకి చేర్చి, అక్కడ బోల్టులతో కలపడం మేలు. మనిషికి గానీ, చేతిలోని వస్తువుకు గానీ తీగకూ మధ్య 10 అడుగుల ఎడం మిగలదనిపిస్తే, విద్యుత్ సిబ్బందిని అడిగి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపించి ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి. తీగల దగ్గర అల్యూమినియం నిచ్చెన అసలు వాడకూడదు.

నిచ్చెన కింది కొస నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా ఆనాలి. మేడ మీదికి దిగవలసి వస్తే అంచుకు పైన మూడు అడుగులు మిగలాలి. కింద ఒకరు పట్టుకుని ఉండడం మంచిదే కానీ, పై కొసను తాడుతో బిగించడం అంతకంటే మంచిది. రెండు మీటర్లు దాటిన పనికి ఒళ్లంతా పట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి, దాని కొక్కెం మనం బిగిస్తున్న బోర్డుకు కాక విడిగా గట్టి ఆధారానికి తగిలించాలి. పది అడుగులకు ఇరవై అడుగుల ఫ్లెక్సీ గాలికి తెరచాపే అవుతుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గాలి లేస్తే పని సగంలో ఆపి దిగిపోవాలి.

దుకాణం లోపలి ముప్పులు చిన్నవిగా కనిపిస్తాయి. మొద్దుబారిన కట్టరు బ్లేడు మీద ఎక్కువ బలం పెడతాము కనుక అదే ఎక్కువగా జారుతుంది. ముక్క విరిచి కొత్త అంచు తీసుకోవాలి, విరిచిన ముక్కను మూత ఉన్న డబ్బాలో వేయాలి. స్కేలు పట్టుకున్న ఎడమచేతి వేళ్లు అంచు దాటి బయటికి రాకూడదు. పది అడుగుల వెడల్పు, 50 మీటర్ల పొడవు, 280 జీఎస్ఎం (చదరపు మీటరుకు 280 గ్రాములు) ఉన్న ఫ్లెక్సీ రోలు లెక్క ప్రకారమే సుమారు 43 కిలోలు తూగుతుంది, గొట్టం బరువు అదనం. దానిని ఒక్కరే భుజాన వేసుకోవడం నడుముకు తెచ్చిపెట్టుకునే తంటా. ఇద్దరు కలిసి, మోకాళ్లు వంచి, ఒకేసారి ఎత్తాలి.

వెల్డింగు మంటను ఓరకంట చూసినా రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లు మండుతుంది. పక్కన పైపు పట్టుకున్న కుర్రవాడికి కూడా కళ్లకు వెల్డింగు నల్ల అద్దం ఉండాలి. జీఐ పైపును (జింకు పూత ఉన్న ఇనుప పైపును) అతికేటప్పుడు జింకు పొగ పీలిస్తే కొన్ని గంటలకు చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుడని చాలామంది నమ్ముతారు, కానీ ఊపిరితిత్తులకు చేరిన పొగను పాలు కడగలేవు. అతుకు దగ్గర పూతను ముందే గీకేసి, ఆరుబయట, గాలి వాలుకు పక్కగా కూర్చుని అతకాలి. గ్రైండింగు మిషను గార్డు తీసి వాడకూడదు, దానికి చెక్క కోసే పళ్ల చక్రం బిగించకూడదు.

వాసనల విషయంలో అలవాటు మనల్ని మోసం చేస్తుంది. సాల్వెంటు ఇంకు వాసన కాసేపటికి తెలియకుండా పోతుంది, ఆవిరి మాత్రం గదిలోనే ఉంటుంది. ఏసీ అదే గాలిని తిప్పుతుంది కాబట్టి, ప్రింటరు గదిలో గాలిని బయటికి నెట్టే ఫ్యాను తప్పనిసరి. అక్రిలిక్ అక్షరాలు అతికించే క్లోరోఫామ్ కాలేయానికి చేటు చేస్తుంది. సన్నని దుమ్మును ఆపే మాస్కు ఆ ఆవిరిని ఆపదు, చేతికి ఇంకు అంటితే సాల్వెంటుతో కాక సబ్బుతో కడగాలి. సన్‌బోర్డు, వినైలు వంటి పీవీసీ సరుకును లేజరు మిషనులో ఎప్పుడూ కోయకూడదు. అప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులను కాల్చడమే కాక, మిషనునూ తుప్పు పట్టిస్తుంది.

కోసిన స్టిక్కరులో అక్కరలేని భాగాన్ని పీకే బల్ల మోచేతి ఎత్తుకు దగ్గరగా ఉంటే మెడ వంగదు. ఒకే మనిషి పూటంతా పీకకుండా, మధ్యలో ఐలెట్ల (ఫ్లెక్సీ అంచున తాడు కట్టే రింగుల) పనికి మారాలి. డిజైను చేసేవారు తరచూ కళ్లు ఎత్తి దూరంగా చూడాలి.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఇక్కడి ఎండలో ఇనుప ఫ్రేము చేయి పెట్టలేనంత కాలుతుంది. ఫిట్టింగును పొద్దున పదిలోపో, సాయంత్రం నాలుగు తర్వాతో పెట్టుకుని, దాహం వేయకముందే నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. మాట తడబడుతున్నా, తూలుతున్నా ఆ మనిషిని నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కు ఫోను చేయాలి.

ఎల్ఈడీ బోర్డులో 12 వోల్టులే కదా అనుకుంటారు గానీ, కరెంటును 12 వోల్టులకు తగ్గించే పెట్టె అయిన ఎస్ఎంపీఎస్‌లోకి వచ్చేది 230 వోల్టులు. దుకాణం లైనుకూ, ఫిట్టింగుకు తీసుకెళ్లే ఎక్స్‌టెన్షను బాక్సుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) పెట్టించాలి. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిను ఆపాలి, ఆపకుండా తాకకూడదు. ఊపిరి ఆడకపోతే 108కు చెప్పి, సాయం వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే దుకాణానికి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారు అందులోకి వస్తారు. అంతకన్నా చిన్న దుకాణాల యజమానులు తమవాళ్ల బ్యాంకు ఖాతాల్లో ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా చేయించాలి; దానికి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. ఏటా జూన్ 1కి ముందు ఆ ఖాతాలో 20 రూపాయలు ఉన్నాయో లేదో చూసుకోమని కుర్రవాళ్లకు గుర్తు చేయడం యజమాని పనే.