సైలెన్సర్ రింగు పోయిన బండి: రిపేరుకు ఇచ్చేలోపు జాగ్రత్తలు

బెంగళూరులో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి బాగానే ఉంటుంది. సైలెన్సర్ రింగు పోయిన బైకును ఆ చలిలో స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు నుంచి ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు టకటకమని చప్పుడు వస్తుంది. ఐదారు నిమిషాలు నడిచేసరికి సద్దుమణుగుతుంది. సద్దుమణిగింది కదా అని ఊరుకుంటాం. పోయిన సంక్రాంతికి ముందు నేను పది రోజులు అలాగే ఊరుకున్నాను.

చప్పుడు తగ్గినంత మాత్రాన లోపం పోయినట్టు కాదు. సైలెన్సర్ బెండు పైపు ఇంజన్ హెడ్డుకు బిగిసే చోట లోపల ఒక గాస్కెట్, అంటే పొగ బయటికి రాకుండా సందును మూసే వలయం, ఉంటుంది. మెకానిక్కులు దాన్ని సైలెన్సర్ రింగు అంటారు. అది నలిగిపోతే పొగ ఆ సందులోంచి తన్నుకొస్తుంది. లోహం వేడెక్కి సాగినప్పుడు సందు కాస్త మూసుకుంటుంది కాబట్టి చప్పుడు తగ్గుతుంది, పొగ మాత్రం వస్తూనే ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టార్చి వేసి చూడండి. నా బండి పైపు మెడ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి గీత కనిపించింది. అక్కడి నుంచి ఒక మసి చార ఇంజన్ రెక్కల మీదికి పాకింది. వేలితో తాకితే మెత్తగా అంటుకుంది. ఇంకా అనుమానంగా ఉంటే, ఆరుబయట, చల్లటి ఇంజన్ మీద, ఆ అతుకు దగ్గర సబ్బునీళ్లు చల్లి స్టార్ట్ చేయండి. లీకు ఉన్న చోట బుడగలు లేస్తాయి. వెంటనే ఆపేయండి. చెయ్యి మాత్రం దగ్గర పెట్టవద్దు.

అసలు భయపడాల్సింది ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బండి బాగున్నప్పుడు ఆ పొగ మన వెనక, చక్రం పక్కన బయటికి పోతుంది. రింగు పోతే మన మోకాళ్ల ముందే పుడుతుంది. వేగంగా వెళ్తున్నంతసేపు గాలి దాన్ని చెదరగొడుతుంది. సిల్క్ బోర్డు దగ్గరో మారతహళ్లి దగ్గరో బండ్ల మధ్య ఇరుక్కుని నిలబడినప్పుడు నేరుగా ముఖం వైపు లేస్తుంది. అలాంటి చోట ఇంజన్ ఆపేయండి. ముఖానికి కట్టుకున్న గుడ్డ గానీ, ఎన్-95 మాస్కు గానీ ఈ వాయువును ఆపలేవు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది సెల్లార్ గురించి. అపార్ట్‌మెంట్లు, పీజీలు, ఆఫీసులు, ఎక్కడ చూసినా పార్కింగ్ కిందే. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కే దాకా అక్కడే వదిలి, హెల్మెట్ సర్దుకుంటూ ఫోను చూసుకోవడం మనకు అలవాటు. రింగు పోయిన బండితో ఆ పని ఒక్కరోజు కూడా చేయవద్దు. ర్యాంపు మీదుగా బయటికి తోసుకువచ్చి, రోడ్డు మీద స్టార్ట్ చేయండి. సెల్లార్‌లో సెక్యూరిటీ వాళ్ల మంచం ఉంటుంది. వాళ్ల పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

పిల్లలంటే మరో మాట. మనలో చాలామంది బిడ్డను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తాం. ఆ బిడ్డ కాళ్ల కిందే ఈ లీకు ఉంటుంది. పిల్లలు మనకంటే త్వరత్వరగా ఊపిరి తీసుకుంటారు కాబట్టి విషం కూడా త్వరగా ఎక్కుతుంది. రిపేరు అయ్యేదాకా బిడ్డను ఆటోలో పంపండి, బస్సులో తీసుకెళ్లండి, నడిపించండి, ఈ బండి మీద మాత్రం వద్దు. గర్భిణులూ ఎక్కకూడదు, కడుపులోని బిడ్డకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

దారిలో తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నిద్ర ముంచుకొస్తున్నట్టు ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పక్కకు ఆగి, ఇంజన్ ఆపి, గాలి ఆడే చోటికి వెళ్లండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరును ఇక్కడ నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే లెక్కగట్టి 98, 99 అని చూపించగలదు. ఆస్పత్రిలో మాత్రం బండి పొగ సంగతి తప్పకుండా చెప్పండి, రక్తపరీక్షలోనే అది బయటపడుతుంది.

ఇక వేడి. బండి గట్టిగా లాగుతున్నప్పుడు ఆ అతుకు దగ్గర పొగ 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అది తిన్నగా తగిలే చోట వైరు ఉంటే తొడుగు కరుగుతుంది. పెట్రోలు పైపు దగ్గర కొంచెం తడి కనిపించినా ఆ బండిని కదిలించవద్దు. పాలిస్టర్ ప్యాంటు, వేలాడే చున్నీ కూడా వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లకు ఇంకో చిక్కు ఉంది. లీకు సందులోంచి బయటిగాలి లోపలికి చొరబడితే పైపులోని ఆక్సిజన్ సెన్సారు మోసపోతుంది. పెట్రోలు చాలడం లేదనుకుని కంప్యూటర్ ఇంకా ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది.

పండగకు ఇదే బండి మీద అనంతపురం వెళ్లిపోవచ్చా అని మా మెకానిక్కును అడిగాను. 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం అది. ఆయన స్పానర్ కింద పెట్టి, “మీ ఇంట్లోవాళ్లు వెనక కూర్చుంటారా సార్?” అని మాత్రం అడిగాడు. బస్సులో వెళ్లాం.

రింగు దొరికేదాకా అల్యూమినియం రేకు చుట్టడం, సందులు మూయడానికి ఇంట్లో ఉంచుకునే సీలెంటు పూయడం వంటివి చేయవద్దు. ఆ వేడికి నిలవవు. నట్లు ఇంకాస్త బిగిస్తే ఆగుతుందేమో అనిపిస్తుంది. తుప్పు పట్టిన స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) హెడ్డులో విరిగితే కొద్ది డబ్బుతో పోయే పని వేలల్లోకి వెళ్తుంది. రింగు ధర తక్కువే, బండి విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో దొరకకపోతే కంపెనీ సర్వీసు సెంటరులో చెప్పి తెప్పించుకోవచ్చు. పాతదాన్ని తిప్పి వేయనివ్వవద్దు. ఒకసారి నలిగిన రింగు మళ్లీ సరిగా కూర్చోదు. అతుకు ముఖం మీది మసి గీకించి, రెండు నట్లనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించమనండి. రెండు మూడు రోజులు నడిపాక, ఇంజన్ పూర్తిగా చల్లారినప్పుడు, నట్ల బిగువు ఒకసారి చూపించండి. మర్నాడు తెల్లవారుజామున, చలిలో, ఆరుబయట స్టార్ట్ చేసి వినండి. ఆ టకటక వినిపించకపోతే బిడ్డను బడికి తీసుకెళ్లవచ్చు.