చిన్న షాపు వెబ్‌సైట్‌లో యానిమేషన్ ఎలా పెట్టాలి?

ఊరగాయలు అమ్మే షాపు సైటునే తీసుకుందాం. ఫోన్లో తెరిచినవాళ్లకు కావలసింది ఏ పచ్చడి ఉంది, కిలో ఎంత, ఎన్నాళ్లకు చేరుతుంది అన్నదే. గిర్రున తిరిగే లోగో వీటిలో దేనికీ జవాబు చెప్పదు.

సామగ్రి: సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్), నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ (పేజీని నడిపించే కోడ్, అంటే స్క్రిప్టు). బటన్ కదపడానికి లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) తెచ్చిపెట్టడం దండగ.

1. కొనేవాళ్లు ఏదైనా నొక్కినప్పుడు 'అందింది' అని చెప్పాల్సిన చోటే కదలిక పెట్టండి. 'కార్ట్‌లో వేయి' నొక్కితే బటన్ కాస్త కుంగాలి, కార్ట్ అంకె మారాలి. మెనూ జారుతూ తెరుచుకోవాలి. ఇంతకుమించి వద్దు.

2. బటన్‌కు 150 మిల్లీసెకన్లు, మెనూకు 250. వచ్చేదానికి ఈజ్ అవుట్ (వేగంగా మొదలై మెల్లగా ఆగేది), పోయేదానికి ఈజ్ ఇన్ (మెల్లగా మొదలై వేగం అందుకునేది). బౌన్స్ పిల్లల ఆటలకు సరే, బిల్లు కట్టే పేజీలో కాదు.

3. సీఎస్ఎస్‌లో ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, సైజు మార్చడం), ఒపాసిటీ (ఎంత స్పష్టంగా కనపడాలన్నది, సున్నా అయితే కనపడదు) మాత్రమే మార్చండి. టాప్ (పైనుంచి దూరం), హైట్ (ఎత్తు) లాంటివి మారిస్తే బ్రౌజర్ ప్రతి ఫ్రేముకూ లేఅవుట్, అంటే పేజీలో ఏది ఎక్కడ ఉండాలన్నది, మళ్లీ లెక్కకట్టాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లే. చవక ఫోన్లు తడబడేది ఇక్కడే.

4. స్క్రోల్ చేస్తుంటే ఒక్కొక్కటీ తేలివచ్చే ఎఫెక్ట్. అసలు లేకపోతేనే మేలు. ఓనరు పట్టుబడితే మాత్రం ఇది నిదానంగా చదవండి.

చాలామంది చేసేదేమిటంటే, సీఎస్ఎస్‌లో సెక్షన్లన్నిటికీ ఒపాసిటీ సున్నా పెట్టి, స్క్రిప్టు వచ్చి చూపిస్తుందిలే అని వదిలేస్తారు. నెట్ నెమ్మదించినా, అదే ఫైల్లో పైనున్న కోడ్‌లో తప్పు దొర్లినా ఆ స్క్రిప్టు నడవదు. ధరల పట్టిక ఉండాల్సిన చోట తెల్ల కాగితం మిగులుతుంది. ఆఫీసు వైఫైలో చూసుకున్న డిజైనరుకు ఇది ఎప్పటికీ కనపడదు.

అందుకే హెచ్‌టీఎమ్‌ఎల్ (పేజీలోని విషయం రాసే కోడ్), సీఎస్ఎస్‌లలో అన్నీ కనిపించేలాగే ఉంచండి. దాచే క్లాసును (సెక్షన్‌కు తగిలిస్తే దాని రూపం మార్చే సీఎస్ఎస్ పేరును) తగిలించేదీ తీసేదీ ఒకే స్క్రిప్టు కావాలి. అది నడవకపోతే ఏదీ దాగదు. స్క్రీను కిందనున్న సెక్షన్లకే తగిలించాలి, మొదటి స్క్రీనును ముట్టుకోకూడదు.

సెక్షన్ స్క్రీనులోకి వచ్చిందో లేదో స్క్రిప్టుకు చెప్పేది ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్. అందులో త్రెషోల్డ్ (ఎంత భాగం కనపడితే చెప్పాలన్నది) 0 పెట్టండి. 0.5 పెడితే, ఫోన్లో రెండు స్క్రీన్లకంటే పొడవైన పట్టికలో సగం ఏనాడూ ఒకేసారి కనపడదు కాబట్టి అది శాశ్వతంగా దాగే ఉంటుంది. ఒకసారి చూపించాక అబ్జర్వర్ నుంచి తీసేయండి, పైకీ కిందికీ జరిపిన ప్రతిసారీ ఆడకూడదు. కదిలే దూరం 12 పిక్సెళ్లు చాలు.

5. కదలికల వల్ల కళ్లు తిరిగేవాళ్లు ఫోన్ సెట్టింగుల్లో యానిమేషన్లు ఆపుకుంటారు. ఆ మాట వినడానికి సీఎస్ఎస్‌లో ప్రిఫర్స్ రిడ్యూస్డ్ మోషన్ అనే మీడియా క్వెరీ (ఫోన్ సెట్టింగును అడిగి తెలుసుకునే షరతు) ఉంది. దాని విలువ నో ప్రిఫరెన్స్ (ఆపమని అడగలేదు) అయినప్పుడే కదలికలు వచ్చేలా రాయండి. అన్నీ రాసేసి చివర్లో ఆపబోతే ఏదో ఒకటి జారిపోతుంది.

6. తనంతట తానే తిరిగే బ్యానర్ తీసేయండి. తప్పదంటే ఆపే బటన్ పెట్టండి. మిగతా విషయం పక్కన తనంతట మొదలై 5 సెకన్లు దాటి కదిలేదానికి అది ఉండాలన్నది డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ వాడుకోగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు) నియమం.

పరీక్షించేటప్పుడు క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే పరీక్షా పనిముట్లు) సీపీయూ వేగాన్ని 6 రెట్లు తగ్గించి మెనూ తెరిచి చూడండి. తర్వాత జావాస్క్రిప్ట్ పూర్తిగా ఆపేసి పేజీని మళ్లీ లోడ్ చేయండి. ధరలు, ఫోన్ నంబరు కనపడకపోతే నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లాలి.