దసరా వస్తోంది, చెప్పకుండా మాత్ర కలపకండి

పోయిన నెల మా వీధిలో ఒకాయన రెండు గుక్కలు తాగాడో లేదో ముఖం, చెవులు, ఛాతీ కందగడ్డలా ఎర్రబడ్డాయి. మెడ నరం కొట్టుకోవడం గుమ్మంలో నిలబడ్డవాళ్లకు కూడా కనపడింది. వాంతులు, ఆయాసం, ఆ తర్వాత స్పృహ తప్పింది. కల్తీ సరుకని అందరూ అనుకున్నారు. తాగుడు మాన్పించే మాత్ర నూరి రోజూ పప్పులో కలుపుతున్నానని ఇల్లాలు మర్నాటికి గానీ చెప్పలేదు. అదృష్టం, మనిషి దక్కాడు.

ఆల్కహాల్‌ను కాలేయం ముందు అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది విషం. ఇంకో ఎంజైమ్ దాన్ని వెంటనే విరగ్గొడుతుంది కాబట్టి మనకు తెలియదు. జపాన్, చైనా, కొరియాల్లో చాలామందికి ఆ ఎంజైమ్ పుట్టుకతోనే బలహీనం, కొద్దిగా తాగినా ముఖం ఎర్రబడుతుంది. అయినా తాగుతూ పోతే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మన దగ్గర ఆ లోపం అరుదు. అందుకే ఇన్నేళ్లుగా ఏమీ కాని మనిషి ఒక్కసారిగా ఎర్రబడితే, ఏ మాత్ర ఒంట్లో పడిందో ముందు అడగాలి.

1948లో డెన్మార్క్ నుంచి వచ్చిన డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మాత్ర ఆ ఎంజైమ్‌నే ఆపేస్తుంది. డాక్టరు గుండె, కాలేయం చూసి రాస్తే, తాగే మనిషి ఒప్పుకుని వేసుకుంటే మంచి మందే. తాగితే ఏమవుతుందో తెలిసినవాడు గ్లాసు పక్కన పెడతాడు. తెలియనివాడు ఒంట్లో బాగోలేదని ఇంకో పెగ్గు వేస్తాడు. ప్రాణం పోయేది అక్కడే. అక్కా, నీ బాధ నాకు తెలుసు. అయినా చెప్పకుండా కలపకు.

పేరు లేని పొడులు కూడా వద్దు, అందులో ఏముందో ఎవరికీ తెలియదు.

మాత్ర ఆపేసినా 2 వారాల వరకు తాగకూడదు, దాని పని అప్పటిదాకా ఉంటుంది. కల్లు, బీరు కూడా ఆల్కహాలే. ఆల్కహాల్ ఉండే దగ్గు సిరప్, ద్రాక్షారిష్టం లాంటివీ వద్దు.

విరేచనాలకు మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడుతుంటే తాగొద్దు. చివరి మాత్ర తర్వాత 3 రోజులు ఆగాలి.

ఎరుపు కనపడకుండా గ్యాస్ మాత్రో అలర్జీ మాత్రో వేసుకుని తాగొద్దు. ఎరుపు తగ్గుతుంది, విషం అలాగే ఉంటుంది.

తాగి ఉన్నవాడికి డైసల్ఫిరామ్ అసలే ఇవ్వొద్దు.

గుండె జబ్బు ఉన్నవాళ్ల జోలికి ఈ మాత్రతో పోవద్దు.

ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మజ్జిగ తాగించి చూద్దామని కూర్చోవద్దు.

చెప్పకుండా కలపొద్దు. ఇప్పటికే కలిపి ఉంటే ఈ రోజే ఆపి, ఆయనకు చెప్పేయండి. తిడతాడు, తిట్టనివ్వండి. కొడతాడని భయముంటే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని చెప్పండి.

మాన్పించాలంటే డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉంది, డబ్బులు పడవు.

ఆసుపత్రికి వెళ్తే మాత్రల అట్ట తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టండి. పరువు గురించి తర్వాత చూసుకోవచ్చు.