క్రూజ్ ముందు రోజు రాత్రికి, సీజన్‌లో కూడా తక్కువ ఖర్చుతో హోటల్ ఎలా చూసుకోవాలి?

ఓడ ఎవరి కోసమూ ఆగదు. చాలా క్రూజ్ కంపెనీలు బయల్దేరే సమయానికి గంటో గంటన్నరో ముందే చెక్-ఇన్ మూసేస్తాయి. విమానం ఆలస్యమై ఆ తర్వాత చేరినవాళ్లు రేవులోనే మిగిలిపోతారు. అందుకే ఒక రోజు ముందే ఆ ఊరు చేరుకోండి. హోటల్ ఖర్చు మిగులుతుందని అదే రోజు పొద్దున దిగే విమానం మాత్రం ఎక్కకండి. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి వేరే దారులున్నాయి.

అలాస్కాకు జూన్ నుంచి ఆగస్టు వరకు, మధ్యధరా సముద్రానికి జూలై, ఆగస్టు, కరీబియన్‌కు క్రిస్మస్ సెలవులు, మార్చి నెల బాగా రద్దీ. పెద్ద రేవుల నుంచి ఒకే రోజు నాలుగైదు ఓడలు కూడా బయల్దేరుతుంటాయి. అంటే ఆ ముందు రాత్రికి వేల మంది ఒకేసారి గదులు వెతుకుతారు. దానికి శనివారం కూడా తోడైతే రేట్లు చుక్కలు చూపిస్తాయి.

1. క్రూజ్ టికెట్ కొన్న రోజే గది కూడా పట్టండి

అయితే ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి. "నాన్ రిఫండబుల్" రేటు కాస్త తక్కువ కనిపిస్తుంది కానీ, నెలల ముందు దానికి డబ్బు కట్టేస్తే తర్వాత ధర తగ్గినా మీరు చేయగలిగింది ఉండదు. రద్దు గడువు ఏ తేదీ, ఎన్ని గంటల వరకో చూసి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఆ గంట సాధారణంగా హోటల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం ఉంటుంది. ఈ చిన్న తేడా వల్లే కొందరు ఒక రాత్రి డబ్బు మొత్తం పోగొట్టుకుంటారు.

2. ఓడ నిజంగా ఎక్కడి నుంచి బయల్దేరుతుందో చూడండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. ప్రకటనలో "రోమ్" అని ఉన్న ఓడ ఎక్కాల్సింది అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని చివిటవెక్యాలో. "లండన్" అంటే చాలాసార్లు సౌతాంప్టన్, దాదాపు 130 కిలోమీటర్లు. "బెర్లిన్" అంటే 200 కిలోమీటర్లు దాటిన తర్వాత వచ్చే వార్నెమ్యూండె. "పారిస్" అంటే ల హావ్ర్. ఊరు ఒకటే అయినా టెర్మినళ్లు వేర్వేరు చోట్ల ఉండొచ్చు: సియాటెల్‌లో పియర్ 66 నగరం మధ్యలో ఉంటే, పియర్ 91 కొన్ని కిలోమీటర్ల అవతల ఉంటుంది. టికెట్ మీద టెర్మినల్ పేరు చూశాకే మ్యాప్ తెరవండి.

3. రేవు చుట్టూ కాదు, రైలు దారి వెంట వెతకండి

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే సలహా ఇదే. రేవుకు ఎదురుగా ఉన్న హోటళ్లకు సీజన్‌లో తమ రేటు తగ్గించాల్సిన అవసరమే ఉండదు. అదే రైలు దారిలో కొన్ని స్టేషన్లు వెనక్కి వస్తే పరిస్థితి మారిపోతుంది. వాంకూవర్‌లో కెనడా ప్లేస్ రేవుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో వాటర్‌ఫ్రంట్ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి కెనడా లైన్ రైలు అరగంటలోపే రిచ్‌మండ్ చేరుస్తుంది, విమానాశ్రయం కూడా ఆ దగ్గరే. సియాటెల్‌లోనూ ఎయిర్‌పోర్ట్ నుంచి నగరం మధ్యలోకి లైట్ రైల్ ఉంది. పిరెయస్ రేవు నుంచి ఓడ ఎక్కేవాళ్లకు ఏథెన్స్ మెట్రో ఉంది. వేసవి సెలవుల్లో కొన్ని యూనివర్సిటీలు హాస్టల్ గదులను ప్రయాణికులకు అద్దెకిస్తాయి. వాంకూవర్‌లో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా (యూబీసీ) అలాగే ఇస్తుంది. శుభ్రంగా ఉండే మామూలు గది చాలనుకుంటే అవీ చూడండి.

4. గది రేటు కాదు, ఓడ మెట్ల దాకా అయ్యే మొత్తం ఖర్చు లెక్కవేయండి

గది అద్దె, పన్నులు, టిఫిన్, విమానాశ్రయం నుంచి హోటల్‌కు, హోటల్ నుంచి రేవుకు ప్రయాణం అన్నీ ఒకే కాగితం మీద రాయండి. ఇటలీలో చాలా నగరాల్లో, స్పెయిన్‌లో బార్సిలోనా లాంటి కొన్నిచోట్ల మనిషికి ఇంత అని టూరిస్టు పన్ను హోటల్లోనే కట్టాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు రైలు టికెట్ చవక, నలుగురుంటే ఒకే టాక్సీ నయం కావచ్చు. ఒర్లాండో విమానాశ్రయం నుంచి పోర్ట్ కెనావెరల్ సుమారు 70 కిలోమీటర్లు. అక్కడ షటిల్ బస్సులు మనిషికి ఇంత అని తీసుకుంటాయి కాబట్టి, కుటుంబమైతే ఒకవైపు ప్రయాణానికి కారు అద్దెకు తీసుకుని రేవు దగ్గర అప్పగించడం కూడా లెక్క చూడాలి. సొంత కారులో వెళ్లేవాళ్లకు కొన్ని హోటళ్లు ఒక రాత్రి బసతోపాటు క్రూజ్ రోజులన్నిటికీ పార్కింగ్ ఇస్తాయి. రేవు పార్కింగ్ రుసుముతో పోల్చి చూస్తే ఆ ప్యాకేజీ విలువ తెలుస్తుంది.

5. ఆ ఊళ్లో ఇంకేం జరుగుతోందో చూడండి

క్రూజ్ రద్దీ ఒక్కటే కారణం కాకపోవచ్చు. 2026 జూన్, జూలైలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగే నగరాల్లో వాంకూవర్, సియాటెల్, మయామీ కూడా ఉన్నాయి. అలాంటప్పుడు పక్క ఊరు మంచిది. మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ మధ్య దూరం 45 కిలోమీటర్లే, రైలు కూడా ఉంది.

6. డబ్బు కట్టే ముందు హోటల్‌ను అడగండి

షటిల్ ఉందా అని అడిగి వదిలేయకండి. ఎయిర్‌పోర్ట్‌కు మాత్రమేనా, రేవుకు కూడానా? ఉచితమా? సీటు ముందే చెప్పుకోవాలా? ఎన్ని గంటలకు కదులుతుంది? పొద్దున గది ఖాళీ చేశాక సామాన్లు ఉంచుతారా? జవాబు ఈమెయిల్‌లో తీసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. రివ్యూల్లో కూడా ఈ మధ్య రాసినవే చదవండి.

7. ధర చూస్తూ ఉండండి

గడువు దాటేలోగా వారానికోసారి చూస్తే చాలు. తక్కువకు దొరికితే ముందు కొత్తది ఖాయం చేసుకుని, ఆ తర్వాతే పాతది రద్దు చేయండి.

ఆలస్యంగా మొదలుపెట్టి గదులేవీ దొరక్కపోతే, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు మళ్లీ వెతకండి. ఉచిత రద్దు గడువులు చాలావరకు అప్పుడే ముగుస్తాయి కాబట్టి, ఇతరులు వదులుకున్న గదులు కొన్ని తిరిగి అమ్మకానికి వస్తాయి. వెబ్‌సైట్‌లో కనిపించకపోయినా హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి అడగండి. ఈలోగా దూరంగానైనా, రద్దు చేసుకునే వీలున్న ఒక గది మీ పేరు మీద ఉంచుకోండి.